గుళికలో బంధించిన సుగంధ తైలం: ఆహారంలోని బాక్టీరియాపై ఎంతవరకు పనిచేస్తుంది?

పరిశోధనశాలలో చూస్తే లవంగ నూనెకు ఎదురులేదనిపిస్తుంది. బాక్టీరియాను పలుచగా పరిచిన అగర్ (జెల్లీలాంటి పదార్థం) పళ్లెం మధ్యలో, నూనెలో తడిపిన 6 మిల్లీమీటర్ల కాగితపు బిళ్ల ఒకటి పెట్టి, 37 డిగ్రీల వెచ్చదనంలో రాత్రంతా ఉంచుతారు. తెల్లారేసరికి పళ్లెమంతా బాక్టీరియా పెరిగి మసకబారుతుంది. బిళ్ల చుట్టూ మాత్రం తేటగా ఒక వలయం మిగులుతుంది. అక్కడ ఏదీ పెరగలేదన్నమాట. వాము, థైమ్, ఒరెగానో, దాల్చినచెక్క నూనెలతో చేసినా ఇంచుమించు ఇదే దృశ్యం. ఈ వలయాన్ని కొలవని పరిశోధన పత్రం ఈ రంగంలో అరుదు. 'మసాలా దినుసుతో బాక్టీరియాకు చెక్' తరహా వార్తలకు ఆధారమూ చాలాసార్లు అదే.

అదే నూనెను అదే మోతాదులో నిజమైన ఆహారంలో కలిపితే కథ తిరగబడుతుంది. పరీక్షనాళికలో వచ్చిన ఫలితమే ఆహారంలోనూ రావాలంటే ఎంత ఎక్కువ నూనె పోయాలో 2004లో వెలువడిన ఒక విస్తృత సమీక్ష లెక్కగట్టింది. వెన్న కొంత తీసిన పాలలో సుమారు 2 రెట్లు, పంది కాలేయంతో చేసిన సాసేజ్‌లో 10 రెట్లు, సూప్‌లో 50 రెట్లు, మెత్తని చీజ్‌లో 25 నుంచి 100 రెట్లు. వాములోనూ థైమ్‌లోనూ ఉండే థైమాల్ అనే అణువు పరీక్షనాళికలో లీటరుకు కొన్ని వందల మిల్లీగ్రాముల దగ్గరే చాలా బాక్టీరియాను ఆపేస్తుంది. దాన్ని 300 మిల్లీగ్రాములు అనుకుందాం. సూప్‌లో 50 రెట్లంటే లీటరుకు 15 గ్రాములు. అంత థైమాల్ పడిన సూప్‌ను నోట్లో పెట్టుకోవడం ఎవరి తరమూ కాదు.

కాబట్టి ఈ తైలాలకు చంపే శక్తి చాలకపోవడమన్నది అసలు ఇబ్బంది కాదు. ఆహారంలో పడ్డాక అవి బాక్టీరియా దాకా చేరవు, చేరేంత మోతాదు వేస్తే మనిషి తినలేడు. తైలాన్ని సూక్ష్మమైన గుళికల్లో బంధించడం, అంటే ఎన్‌క్యాప్సులేషన్, ఈ రవాణా సమస్యకు వెతికిన జవాబు. దాన్ని తైలం బలాన్ని పెంచే మంత్రంలా చెప్పే రాతలు చాలా కనిపిస్తాయి. అవి చదివినప్పుడు కొంచెం ఆగి ఆలోచించడం మంచిది. గుళిక చాలాసార్లు తైలం బలాన్ని తగ్గిస్తుంది కూడా.

పొరకు తగిలే దెబ్బ

సమస్య ఎంత పెద్దదో ముందు చూద్దాం. కలుషిత ఆహారం వల్ల ప్రపంచంలో ఏటా 60 కోట్ల మంది జబ్బుపడుతున్నారనీ, 4.2 లక్షల మంది చనిపోతున్నారనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో అంచనా వేసింది. చనిపోయేవారిలో 1.25 లక్షల మంది ఐదేళ్లలోపు పిల్లలు. ఇందులో వైరస్‌లకూ పరాన్నజీవులకూ వాటా ఉంది. బాక్టీరియా విషయానికొస్తే సాల్మొనెల్లా, క్యాంపైలోబ్యాక్టర్, ఈ. కోలిలోని ప్రమాదకర రకాలు, లిస్టీరియా, స్టఫైలోకాకస్ ఆరియస్ ముందు వరుసలో ఉంటాయి.

సుగంధ తైలం అంటే ఒకే పదార్థం కాదు, పదుల కొద్దీ అణువుల మిశ్రమం. అయితే పని చేసేవి ప్రధానంగా కొన్నే: లవంగంలో యూజినాల్, దాల్చినచెక్కలో సిన్నమాల్డిహైడ్, నిమ్మగడ్డిలో సిట్రాల్, ఒరెగానోలో కార్వక్రాల్, వాములో థైమాల్. వీటిలో థైమాల్, కార్వక్రాల్ కవలలు. రెండింటి ఫార్ములా C₁₀H₁₄O. బెంజీన్ వలయం మీద ఒక హైడ్రాక్సిల్ సమూహం ఉండే చోటు మాత్రమే తేడా. ఆ హైడ్రాక్సిల్‌ను తీసేస్తే సైమీన్ అనే అణువు మిగులుతుంది. అది బాక్టీరియా పొరలోకి దూరి ఉబ్బేలా చేస్తుందే తప్ప, తనంతట తానుగా చంపడం అంతంతమాత్రమే. ఇంత చిన్న మార్పుతో ఇంత తేడా రావడమే పరిశోధకులకు దారి చూపించింది.

బాక్టీరియా తన శక్తిని కణపొరకు ఇరువైపులా ఉండే ప్రోటాన్ల తేడా రూపంలో నిల్వ చేసుకుంటుంది. బయట ఎక్కువ, లోపల తక్కువ. ఆ తేడా నుంచే కణానికి ఇంధనంలాంటి ఏటీపీ తయారవుతుంది. కార్వక్రాల్ కొవ్వులో సులువుగా కరుగుతుంది కాబట్టి పొరలోకి జారుతుంది. అక్కడి నుంచి లోపలికి వెళ్లి తన హైడ్రాక్సిల్‌లోని ప్రోటాన్‌ను వదిలేస్తుందనీ, తిరుగు ప్రయాణంలో పొటాషియం అయాన్‌ను వెంటబెట్టుకుని బయటికి వస్తుందనీ, బయట మళ్లీ ప్రోటాన్‌ను ఎక్కించుకుంటుందనీ ఒక ప్రతిపాదన ఉంది. ఎలా జరిగినా ఫలితం మాత్రం ప్రయోగాల్లో కనబడింది. ప్రోటాన్ల తేడా కరిగిపోతుంది, పొటాషియం కారిపోతుంది, ఏటీపీ అడుగంటుతుంది, కణం చచ్చిపోతుంది. సిన్నమాల్డిహైడ్ దారి వేరు. అది ప్రొటీన్లలోని అమైన్ సమూహాలతో నేరుగా చర్య జరిపి ఎంజైములను పనికిరాకుండా చేస్తుంది.

సాల్మొనెల్లా, ఈ. కోలి వంటి గ్రామ్-నెగటివ్ బాక్టీరియాకు కణపొర వెలుపల ఇంకో పొర ఉంటుంది. నీటిని ఇష్టపడే చక్కెర గొలుసులతో నిండిన ఆ బయటి పొర, నూనె స్వభావం ఉన్న అణువులను దగ్గరికి రానివ్వదు. అందుకే సాధారణంగా లిస్టీరియా, స్టఫైలోకాకస్ లాంటి గ్రామ్-పాజిటివ్‌ల కంటే ఇవి మొండివి. థైమాల్, కార్వక్రాల్ ఆ బయటి పొరను కూడా చెదరగొట్టగలవు. మిగతా తైలాల కంటే వాటికి పేరు రావడానికి అది ఒక కారణం.

మొండితనంలో వీటన్నిటినీ మించినవి బీజకణాలు. బాసిల్లస్ సిరియస్, క్లాస్ట్రిడియం జాతులు గట్టి బీజకణాలుగా మారి కూర్చున్నప్పుడు ఏ తైలమూ వాటిని చంపదు, మహా అయితే మొలకెత్తకుండా ఆపుతుంది. స్టఫైలోకాకస్ అప్పటికే విషాన్ని విడిచిపెట్టి ఉంటే, తర్వాత ఆ బాక్టీరియాను చంపినా లాభం లేదు. ఆ విషం మరిగించినా పోదు.

ఆహారంలో తైలం ఏమైపోతుంది?

పొరలో కరగడమే తైలం బలం. అదే దాని బలహీనత కూడా. కొవ్వంటే దానికి ఇష్టం. బాక్టీరియా పొరలో ఉన్నది కూడా ఒకరకమైన కొవ్వే, అయితే అది చీజ్‌లో ఉండే కొవ్వుతో పోలిస్తే లెక్కలోకి రాదు. తైలం అణువులు దగ్గర్లో ఉన్న వెన్న బిందువుల్లోకి వెళ్లి స్థిరపడతాయి. బాక్టీరియా మాత్రం ఎప్పుడూ నీరున్న భాగంలోనే బతుకుతుంది. మందు ఒక గదిలో, రోగం ఇంకో గదిలో ఉండిపోతాయి. ప్రొటీన్లు కూడా తైలం అణువులను పట్టి ఉంచుకుంటాయి. ఆ పైన ఆహారంలో బాక్టీరియాకు తిండి పుష్కలం. తగిలిన గాయాలను పూడ్చుకునే తీరిక, సామగ్రి రెండూ దొరుకుతాయి.

నీటిలో కరగకపోవడం మరో చిక్కు. లీటరు నీటిలో థైమాల్ గ్రాముకు కాస్త అటూ ఇటూగా మాత్రమే కరుగుతుంది. బాక్టీరియాను ఆపడానికి కావలసిన మోతాదు ఆ హద్దుకు దరిదాపుల్లోనే ఉంటుంది. కరగనిదంతా పైకి తేలి తెట్టు కడుతుంది. తెట్టులో ఉన్న నూనె, అడుగున ఉన్న బాక్టీరియాను ఏమీ చేయలేదు. పళ్లెంలో తేట వలయాన్ని కొలిచే పద్ధతిలోనూ ఇదే లోపం ఉంది. అగర్‌లో ఎక్కువ దూరం వ్యాపించే నూనె బలమైనదిగా, వ్యాపించలేనిది బలహీనంగా కనిపిస్తుంది. ఆ వలయం వెడల్పు తైలం చంపే శక్తిని ఎంత చెబుతుందో, అది పాకే వేగాన్నీ అంతే చెబుతుంది. వలయం వెడల్పును బట్టి తైలాలకు ర్యాంకులు ఇచ్చే పట్టికలను నేను పెద్దగా పట్టించుకోకపోవడానికి కారణం ఇదే.

ఇక ఆవిరైపోవడం, గాలిలోని ఆక్సిజన్‌తో చెడిపోవడం మామూలే. నిమ్మజాతి తైలాల్లోని లిమోనీన్ ఆక్సీకరణ చెందితే వాసన పాడవడమే కాదు, ఆ కొత్త పదార్థాలు చర్మానికి అలర్జీ కూడా కలిగిస్తాయి. వీటన్నిటి పైన మన ముక్కు ఉంది. యూజినాల్‌నూ థైమాల్‌నూ బాక్టీరియాను ఆపే మోతాదు కంటే ఎన్నో రెట్లు తక్కువ మోతాదులోనే అది పసిగట్టేస్తుంది.

గుళికల రకాలు

తైలాన్ని మరో పదార్థంతో చుట్టడం పాత విద్యే. 1950లలో కార్బన్ అక్కర్లేని నకలు కాగితం కోసం, సిరా బిందువుల చుట్టూ జిలాటిన్ తొడుగు కట్టే కోయాసర్వేషన్ పద్ధతిని అమెరికాలో అభివృద్ధి చేశారు. ఇవాళ్టి చాలా గుళికలు ఆ ఆలోచనకు వారసులే.

ఆహార పరిశ్రమలో అందరికంటే పాత కాపు స్ప్రే డ్రైయింగ్. తైలాన్ని తుమ్మజాతి చెట్ల బంక, మాల్టోడెక్స్ట్రిన్ కలిపిన నీటిలో చిలికి, 150 నుంచి 200 డిగ్రీల వేడిగాలిలోకి తుంపరగా చిమ్ముతారు. ఇంత వేడిలో ఆవిరయ్యే తైలం నిలుస్తుందా అని సందేహం రావడం సహజం. నీరు ఆవిరవుతూ తుంపరను చల్లబరుస్తుంది. ఈలోగా పైన పెచ్చు కట్టుకుంటుంది. ఆ పెచ్చులోంచి చిన్నదైన నీటి అణువు బయటపడుతుంది కానీ, పెద్దదైన తైలం అణువు అంత సులువుగా బయటపడలేదు. ఫలితంగా పొడి వస్తుంది, చవకగా వస్తుంది. నీటిలో పడగానే కరిగి తైలాన్ని ఒక్కసారిగా వదిలేయడం దాని లోపం.

సైక్లోడెక్స్ట్రిన్ది మరో తరహా. ఏడు గ్లూకోజ్‌లు వలయంగా కట్టిన బీటా-సైక్లోడెక్స్ట్రిన్‌కు లోపల నానోమీటరులో మూడింట రెండొంతుల కన్నా తక్కువ వెడల్పున్న గుంత ఉంటుంది. బయటివైపు నీటికి అనుకూలం, లోపలివైపు నూనెకు అనుకూలం. థైమాల్, యూజినాల్ అణువులు ఒక్కొక్కటిగా అందులో అమరిపోతాయి. గాలిలో తేమ పెరిగితే నీటి అణువులు వాటిని బయటికి నెడతాయి. ఈ గుణం ప్యాకింగ్‌లో ఎంత పనికొస్తుందో ముందు ముందు చూద్దాం.

రొయ్యల, పీతల పెంకుల నుంచి తీసే కైటోసాన్, మొక్కజొన్నలోని జీన్ (zein) అనే ప్రొటీన్, సముద్రపు నాచు నుంచి వచ్చే ఆల్జినేట్, ఫాస్ఫోలిపిడ్‌లతో చేసే లైపోజోమ్‌లు, చివరికి లోపలిదంతా తీసేసిన ఈస్ట్ కణాలు కూడా గుళికలుగా మారాయి. వీటిలో కైటోసాన్‌ది ప్రత్యేక స్థానం. దానికి ధనావేశం ఉంటుంది, బాక్టీరియా ఉపరితలానికి రుణావేశం ఉంటుంది. అంటే ఈ గుళిక బాక్టీరియాకు తానుగా అతుక్కుంటుంది. పైగా కైటోసాన్‌కు సొంతంగా బాక్టీరియాను అణిచే గుణం ఉంది. అందుకే ప్రయోగ ఫలితాల్లో తైలం వాటా ఎంత, తొడుగు వాటా ఎంత అని తేల్చాలంటే ఖాళీ కైటోసాన్ గుళికలతో కూడా విడిగా పరీక్ష చేసి తీరాలి. కైటోసాన్ ఆవేశం పులుపు ఉన్నంతవరకే నిలుస్తుంది. పులుపు తగ్గి పీహెచ్ 6.5 దాటితే ఆ ఆకర్షణ బలహీనపడుతుంది. పాలు, మాంసం వంటి ఆహారాలు దాదాపు ఆ హద్దు దగ్గరే ఉంటాయి.

నానో ఎమల్షన్ల తిరకాసు

ఎక్కువ ఆశలు పెంచినవి నానో ఎమల్షన్లు. తైలాన్ని అధిక పీడనంతోనో అల్ట్రాసౌండ్‌తోనో 100 నానోమీటర్ల అటూ ఇటూ ఉండే బిందువులుగా చితక్కొట్టి, ఎమల్సిఫయర్‌తో, అంటే నూనెనూ నీటినీ కలిపి ఉంచే పదార్థంతో, నీటిలో నిలబెడతారు. బిందువులు అరవై నానోమీటర్ల లోపుకు వస్తే ద్రవం దాదాపు పారదర్శకంగా ఉంటుంది కాబట్టి పానీయాలకూ పనికొస్తుంది.

ఇంత చిన్న బిందువులు బాక్టీరియాలోకి నేరుగా దూసుకుపోతాయని తరచూ రాస్తుంటారు. కొలతలు చూస్తే ఈ మాట నిలబడదు. ఈ. కోలి పొడవు 2,000 నానోమీటర్లు. దాని బయటి పొరలో ఉండే పోరిన్ రంధ్రాల వెడల్పు ఒక నానోమీటరు మాత్రమే. 600 డాల్టన్ల కంటే బరువైన అణువునే అవి లోపలికి రానివ్వవు. 100 నానోమీటర్ల బిందువు అందులోంచి దూరడం జరగని పని. లోపలికి వెళ్లేది 150 డాల్టన్ల థైమాల్ అణువు ఒక్కటే, అదీ ముందు బిందువు నుంచి విడిపడి నీటిలో కరిగిన తర్వాతే. నానో ఎమల్షన్ చేసే మేలు వేరే ఉంది. అది తైలాన్ని తెట్టు కట్టనివ్వకుండా ద్రవమంతా సమంగా పరుస్తుంది. బాక్టీరియా తీసుకున్న ప్రతి అణువు స్థానంలో మరొకటి పక్కనున్న బిందువు నుంచి త్వరగా కరిగి చేరుతుంది. అంటే అదొక అణువుల గిడ్డంగి.

ఇక్కడే అసలు తిరకాసు. చిన్న బిందువుల లోపల పీడనం ఎక్కువ, కాబట్టి వాటిలోని తైలం నీటిలోకి త్వరగా కరిగిపోయి పెద్ద బిందువుల్లో చేరుతుంది. చిన్నవి చిక్కిపోతాయి, పెద్దవి బలుస్తాయి. దీన్ని ఆస్ట్‌వాల్డ్ పరిపక్వత అంటారు. మామూలు వంటనూనెలు నీటిలో కరగవు కనుక వాటితో చేసిన ఎమల్షన్లకు ఈ బెడద దాదాపు లేదు. థైమ్ తైలం కాస్తో కూస్తో కరుగుతుంది కనుక కొద్ది రోజుల్లోనే, ఒక్కోసారి గంటల్లోనే ఎమల్షన్ చెడిపోతుంది. దీనికి మందుగా మొక్కజొన్న నూనె కలుపుతారు. 2012లో మసాచుసెట్స్ విశ్వవిద్యాలయం వారు ఇలాగే చేసి చూశారు. బిందువులో సగానికి పైగా మొక్కజొన్న నూనె ఉన్నప్పుడు ఎమల్షన్ చక్కగా నిలిచింది. అయితే పుల్లని పానీయాలను పాడుచేసే ఒక ఈస్ట్‌పై పరీక్షిస్తే, మొక్కజొన్న నూనె పెరిగేకొద్దీ థైమ్ తైలం ప్రభావం తగ్గుతూ వచ్చింది. తైలం ఆ నూనెలోనే హాయిగా ఉండిపోయి నీటిలోకి రావడం మానేసింది మరి. చీజ్‌లో వెన్న చేసిన పనినే, ఇక్కడ మనం చేతులారా బిందువు లోపల చేసిపెట్టినట్టయింది.

ఎమల్సిఫయర్‌తోనూ ఇదే గొడవ. ట్వీన్ 80 లాంటివి కాస్త ఎక్కువైతే, మిగులు అణువులు గుంపులు కట్టి తైలాన్ని తమ లోపల దాచేసుకుంటాయి. కాపలాకు పెట్టిన కంచే చేను మేసినట్టు. ఒకే తైలం నానో ఎమల్షన్‌లో మెరుగ్గా పనిచేసిందని ఒక పత్రం, మామూలుగానే మెరుగని మరో పత్రం చెప్పడానికి చాలావరకు ఇదే కారణం. అవి రెండూ నిజమే కావచ్చు. ఎమల్సిఫయర్ ఏది, ఎంత, పక్కన ఏ నూనె ఉంది అన్న మూడు సంగతులు చెప్పకుండా 'నానో అయితే మేలు' అనే మాటకు అర్థం లేదు.

ఎప్పుడు విడుదల కావాలి?

గుళికను ఎంత గట్టిగా మూస్తే తైలం అంత భద్రం. అంత గట్టిగా మూస్తే బాక్టీరియాకూ అంత క్షేమం. ఈ రంగంలో తెలివంతా తాళం ఎప్పుడు తెరుచుకోవాలన్న దగ్గరే ఉంది. చాలా గుళికలు మొదటి గంటల్లో ఉపరితలానికి అంటుకున్న తైలాన్ని ధారాళంగా వదిలి, తర్వాత రోజుల తరబడి కొద్దికొద్దిగా విడుస్తాయి. మొదటి దెబ్బకు మిగిలిన బాక్టీరియా మళ్లీ తలెత్తకుండా ఆ రెండో దశ ఆపితే మంచిదే. కాకపోతే రెండో దశలో విడుదలయ్యే మోతాదు చంపడానికి చాలనంత తక్కువైతే చిక్కు. చావని మోతాదులో పెరిగిన బాక్టీరియా అలవాటు పడుతుంది. బాసిల్లస్ సిరియస్ కొద్దిపాటి కార్వక్రాల్‌లో పెరిగినప్పుడు తన పొరలోని కొవ్వు ఆమ్లాల కూర్పు మార్చుకుని, తర్వాత ఎక్కువ మోతాదును తట్టుకున్నట్టు తేలింది. ఈ. కోలికి లోపలికి వచ్చిన పదార్థాన్ని తోడి బయట పోసే పంపులు కూడా ఉన్నాయి.

తాళంచెవిని బాక్టీరియా చేతికే ఇచ్చిన పద్ధతి ఒకటి నాకు బాగా నచ్చింది. స్టఫైలోకాకస్ ఆరియస్ మన కణాల పొరల్లో రంధ్రాలు పొడిచే విషాన్ని విడుస్తుంది. లవంగ నూనెను లైపోజోమ్‌లో, అంటే కణపొరలాంటి కొవ్వు సంచిలో పెట్టి ఈ బాక్టీరియా ఉన్నచోట వదిలారు. విషం అలవాటు ప్రకారం ఆ సంచికి రంధ్రం పొడిచింది, లవంగ నూనె బయటపడింది, బాక్టీరియాకు అదే తగిలింది. అలాంటి విషాన్ని విడవని ఈ. కోలి దగ్గర సంచి తెరుచుకోలేదు, దానికేమీ కాలేదు. అవసరం లేనప్పుడు తైలం బయటికి రాదు కాబట్టి వాసన గొడవా తగ్గుతుంది. ఒక్క శత్రువుకే పనికొస్తుందన్నది దాని పరిమితి. నిజమైన ఆహారంలో శత్రువు ఎవరో ముందుగా తెలిసే సందర్భాలు తక్కువ.

తొంభై తొమ్మిది శాతం అంటే ఎంత?

'99 శాతం బాక్టీరియా నశించింది' అనే వాక్యం వినడానికి ఘనంగా ఉంటుంది. సూక్ష్మజీవ శాస్త్రంలో దీన్ని 2 లాగ్ తగ్గుదల అంటారు. గ్రాముకు పది లక్షలున్న చోట పదివేలు మిగిలాయని దీనర్థం. అనుకూలమైన వెచ్చదనంలో ఈ. కోలి 20 నిమిషాలకోసారి రెట్టింపవుతుంది. పదివేలు మళ్లీ పది లక్షలు కావడానికి రెండుంబావు గంటలు సరిపోతాయి. పళ్లరసాల తయారీదారులకు అమెరికా ఆహార, ఔషధ సంస్థ 2001లో పెట్టిన నిబంధన 5 లాగ్, అంటే లక్షకు ఒకటి మిగలాలి. గుళికల్లో బంధించిన తైలాలు ఆహారంలో ఒంటరిగా సాధించేది చాలా ప్రయోగాల్లో ఒకటి నుంచి మూడు లాగ్‌ల మధ్యే ఉంటుంది.

అంతమాత్రాన వాటిని తీసిపారేయక్కర్లేదు. స్వల్ప వేడి, పులుపు, చల్లదనం, నైసిన్ వంటి మరో సంరక్షకంతో కలిపి వాడితే ఒక్కొక్కటీ ఒక అడ్డంకి అవుతుంది. అన్నింటినీ దాటే సరికి బాక్టీరియా అలిసిపోతుంది. ముఖ్యంగా వండకుండా తినే పదార్థాల విషయంలో ఇది ఆలోచించదగ్గది. 2011లో జర్మనీలో మొలకెత్తిన మెంతుల ద్వారా వ్యాపించిన ఈ. కోలి O104:H4 రకం 3,800 మందికి పైగా జబ్బు చేసింది, 50 మందికి పైగా ప్రాణాలు తీసింది. విత్తనపు పగుళ్లలో దాగిన బాక్టీరియాను మామూలు క్లోరిన్ నీటితో కడగడం కష్టం. తైలం ఎమల్షన్లతో విత్తనాలనూ ఆకుకూరలనూ కడిగే ప్రయోగాలకు అప్పటి నుంచి ఊపు వచ్చింది. ఇక్కడ కొవ్వు లేదు, బాక్టీరియా ఉపరితలం మీదే ఉంది, కడిగిన నీరు పారబోయవచ్చు. తైలానికి ఇంతకంటే అనువైన రంగం దొరకదు. కాస్త మోతాదు ఎక్కువైతే లేత ఆకులు నల్లబడటం, మొలకలు దెబ్బతినడం మాత్రం ఉంది.

దక్షిణాఫ్రికాలో 2017, 2018లలో వెయ్యి మందికి పైగా సోకి 200 మందికి పైగా ప్రాణాలు తీసిన లిస్టీరియా దీనికి పూర్తిగా వ్యతిరేక ఉదాహరణ. అది వచ్చింది పొలోనీ అనే తయారీ మాంసం నుంచి. ఫ్రిజ్ చల్లదనంలోనూ పెరిగే బాక్టీరియా, కొవ్వూ ప్రొటీనూ దండిగా ఉన్న ఆహారం, నేరుగా తినే అలవాటు. ఇలాంటి మాంసంలో తైలాన్ని కలపడం కంటే, దానికి చుట్టే పొరలో గుళికలు అమర్చడం మేలు. తేమ పెరిగితే సైక్లోడెక్స్ట్రిన్ నుంచి ఆవిరి రూపంలో తైలం విడుదలవుతుంది. ముక్క పైభాగంలోనే బాక్టీరియా ఉంటుంది కాబట్టి ఆవిరి అక్కడికి చేరుతుంది. లోపలి మాంసంలోకి పెద్దగా ఇంకదు. కానీ లిస్టీరియా ఎక్కువగా వచ్చేది ఫ్యాక్టరీ కాలువల్లో, యంత్రాల సందుల్లో జిగురు పొరలు కట్టుకున్న చోటి నుంచి. అక్కడ బాగా తోమి కడగడానికి ఏ గుళికా ప్రత్యామ్నాయం కాదు.

నా అంచనాలో ఈ విద్య అన్నింటికంటే ఎక్కువ అక్కరకు వచ్చింది మన పళ్లెంలో కాదు, కోళ్ల, పందుల మేతలో. పెరుగుదల కోసం మేతలో యాంటీబయాటిక్‌లు వాడటాన్ని ఐరోపా సమాఖ్య 2006 జనవరి 1 నుంచి నిషేధించింది. ప్రత్యామ్నాయాల వేటలో సుగంధ తైలాలు ముందుకొచ్చాయి. పంది పిల్లలకు విడిగా తినిపిస్తే థైమాల్, కార్వక్రాల్, యూజినాల్ దాదాపు మొత్తం కడుపులోనూ చిన్నపేగు మొదట్లోనూ ఒంటికి పట్టేస్తాయని తేలింది. సాల్మొనెల్లా ఉండేది ఇంకా కిందికి, కోళ్లలోనైతే సీకమ్ అనే పేగు సంచుల్లో. గట్టిపరిచిన వృక్ష కొవ్వుతో చేసిన పూసల్లో తైలాన్ని పెడితే, పేగులోని లైపేజ్ ఎంజైము ఆ కొవ్వును అరిగించేకొద్దీ తైలం మెల్లగా విడుదలవుతుంది. గుళికకు పని చెప్పేది ఇక్కడ జంతువు జీర్ణవ్యవస్థే. మనిషి ముక్కు మధ్యలోకి రాదు. కోడి పేగులో సాల్మొనెల్లా తగ్గితే వధశాలలో మాంసానికి అంటుకునేది కూడా తగ్గుతుంది.

సహజం, నానో, మోతాదు

మొక్క నుంచి వచ్చింది కాబట్టి ఎంతైనా తినొచ్చు అనుకోవడం పొరపాటు. ఆహార సంకలితాలపై ఐక్యరాజ్య సమితి సంస్థల ఉమ్మడి నిపుణుల సంఘం యూజినాల్‌కు రోజుకు శరీర బరువులో కిలోకు 2.5 మిల్లీగ్రాముల వరకు హద్దు పెట్టింది. 60 కిలోల మనిషికి 150 మిల్లీగ్రాములు. ఆహారంలో కిలోకు ఒక గ్రాము యూజినాల్ ఉంటే, 150 గ్రాములు తినేసరికి ఆ రోజు వాటా అయిపోతుంది. తులసిలో, జాజికాయలో ఉండే మిథైల్ యూజినాల్, ఎస్ట్రగోల్, సాఫ్రోల్ వంటివాటిని విడిగా ఆహారంలో కలపడాన్ని ఐరోపా నిషేధించింది. గుళిక వల్ల తక్కువ తైలంతో పని జరిగితే ఈ హద్దుల లోపల ఉండటం సులువవుతుంది. అయితే గుళిక తైలాన్ని పేగులో లోతుగా చేర్చి, ఒంటికి పట్టే తీరునే మారిస్తే, విడి తైలంపై చేసిన పాత పరీక్షలను చూపి చేతులు దులుపుకోవడం కుదరదు.

ఐరోపా నిబంధనల్లో 100 నానోమీటర్లు లేక అంతకు తక్కువ కొలత ఉండేలా కావాలని తయారుచేసిన పదార్థాన్ని ఇంజినీర్డ్ నానో పదార్థంగా లెక్కిస్తారు. దానికి ముందస్తు అనుమతి, పదార్థాల జాబితాలో 'నానో' అన్న మాట తప్పనిసరి. అయినా లెసిథిన్, వంటనూనెలతో చేసిన 90 నానోమీటర్ల బిందువు పేగులో అరిగిపోయి ఆనవాలు లేకుండా పోతుంది. అరగని సిలికా గుళిక కొలతలో పెద్దదైనా ఒంట్లో ఎక్కువసేపు ఉంటుంది. కొలబద్ద ఒక్కటే అయినా ఈ రెండింటి భద్రతా ఫైళ్లు ఒకేలా ఉండవు.

ఇవన్నీ పరిష్కరించినా మిగిలేది తైలం నాణ్యత. ఒకే జాతి థైమ్ ఒకచోట థైమాల్ ఎక్కువగా, మరోచోట అది దాదాపు లేకుండా లినలూల్‌తో నిండి ఉంటుంది. కోత కాలం మారినా కూర్పు మారుతుంది. ప్రతి గుళికలో ఒకే మోతాదు ఉందని చూపించాల్సిన తయారీదారుకు ఇది తలనొప్పి. అందుకే మేతల్లో వాడే గుళికల్లో చాలావాటిలో మొత్తం తైలానికి బదులు శుద్ధమైన థైమాల్, కార్వక్రాల్, సిన్నమాల్డిహైడ్ అణువులనే కొలిచి నింపుతారు. పరిశ్రమలో థైమాల్‌ను మెటా-క్రెసాల్, ప్రొపీన్ అనే రసాయనాల నుంచి తయారుచేయడం ఎప్పటి నుంచో ఉంది. మొక్కలోని థైమాల్‌తో అది అణువుకు అణువు సమానం. కాకపోతే పొట్లం మీద 'మొక్కల నుంచి తీసినది' అని రాసుకోవడానికి అప్పుడు వీలుండదు.